గాలాయన వచ్చిన వేసవి

ఆ వేసవి మొదట్లోనే మా ఆసుపత్రి మేడ మీదున్న ఏసీ ప్లాంటు చేతులెత్తేసింది. ఒక రోజు పొద్దున్నే ఏదో గట్టి వస్తువు నమిలినట్టు చప్పుడు చేసి, పెద్దగా ఓ నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. నేను అక్కడ మరమ్మతుల విభాగంలో ఇంజనీరుని. పైకెక్కి చూశాను. కంపెనీవాళ్ళూ వచ్చి చూశారు. గుండెకాయలాంటి భాగమే పోయిందనీ, కొత్త ప్లాంటు రావాలంటే వానలు పడేదాకా ఆగాలనీ చెప్పి, చల్లగా వెళ్ళిపోయారు.

ఆ ప్లాంటు చల్లదనమంతా రెండో అంతస్తులోని బాలింతల వార్డుకే. దాన్ని పెట్టిన రోజుల్లో, చల్లగాలి బయటికి పోతుందని సముద్రం వైపు కిటికీలన్నిటికీ ఇటుకలు పేర్చి పూత పూసేశారు. ఇక ఫ్యాన్లెందుకని వాటినీ ఊడదీసేశారు. ఇప్పుడు ఏసీ పోయేసరికి ఆ వార్డు మూతపెట్టి పొయ్యి మీద ఉంచిన గిన్నె అయి కూర్చుంది. బాలింతలు తడిసిన జాకెట్లతో గోడలకి చేరగిలబడి ఉండేవారు. తోడు వచ్చిన తల్లులు, అక్కచెల్లెళ్ళు అట్టముక్కలతో, పాత ఎక్స్‌రే ఫిల్ములతో పసిపిల్లలకి విసురుతూనే ఉండేవారు. పిల్లల వీపులు, మెడలు చెమటకాయలతో ఎర్రగా పేలిపోయాయి. మూలమంచం మీదున్న అమ్మాయి బిడ్డకైతే జ్వరం పట్టుకుని విడవలేదు. ఆ అమ్మాయి కనబడిన ప్రతివాళ్ళనీ ఒకటే అడిగేది, "నన్ను ఇంటికి పంపించేయరాదూ? మా పెరట్లో చెట్టు కింద కూర్చున్నా బతుకుతాం."

సూపరింటెండెంటుగా ఉన్న పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచి, "వార్డు మూసేసి అందర్నీ అవతలి ఊరి పెద్దాసుపత్రికి పంపేయమంటున్నారు పైవాళ్ళు," అంది. "పూటంతా ప్రయాణం. నొప్పులతో ఉన్న పిల్లలు దార్లోనే కంటారు. నువ్వేం చేస్తావో నాకు తెలీదు. ఏదో ఒకటి చెయ్యి."

అప్పుడొచ్చారు ఆయన.

కట్టడాలకి గాలి సర్దడం ఆయన పని. బడులు, మిల్లులు, ఆసుపత్రులు, ఎండ ఊళ్ళు, మంచు ఊళ్ళు, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్ళి, తక్కువ కరెంటుతో మనుషులు హాయిగా ఉండేట్టు చేసి, మళ్ళీ ఇంకో ఊరు పోయేవారు. పెద్ద డాక్టరమ్మ ఎవరినో పట్టుకుని ఆయన్ని పిలిపించింది. ఆయనకో పేరుంది, పెద్ద పేరే. కానీ వచ్చిన మర్నాటికల్లా ఆసుపత్రి మొత్తానికీ ఆయన గాలాయన అయిపోయారు. నాకూ అంతే.

నేనాయన్ని మొదటిసారి చూసింది వార్డు నడిమధ్యలో. నలభై అయిదు దాటిన మనిషి. మోచేతులదాకా మడిచిన చొక్కా, చేతిలో పుల్ల, పుల్లకి కట్టిన సన్నటి పట్టుదారం. ఆ దారాన్ని ఎత్తి పట్టుకుని ఒక్కో మంచం దగ్గరా ఆగుతున్నారు. చేప కోసం కూర్చున్నవాడిలా అంత ఓపిక. దారం ఎక్కడా కదల్లేదు. బాలింతలందరూ నొప్పులూ ఉక్కా మర్చిపోయి ఆ దారాన్నే చూస్తున్నారు.

"ఇక్కడ గాలి లేదండీ," అన్నారు నావైపు తిరిగి. "ఉన్నదంతా వీళ్ళు వదిలిన ఊపిరే. వదిలిందే మళ్ళీ పీలుస్తున్నారు."

"కిటికీలుండేవి, మూసేశారు," అన్నాను.

"ఎటువైపు?"

నేను తూర్పు గోడ చూపించాను. ఆయన వెళ్ళి వేలి కణుపులతో తట్టుకుంటూ పోయారు. ఒకచోట చప్పుడు మారింది. అక్కడ గోడ మీద అరచెయ్యి పెట్టి, చిన్నప్పటి స్నేహితుడు కనపడ్డట్టు నవ్వారు. ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో నాకే తెలీదు. హెడ్‌నర్సు మాత్రం మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "మీ నవ్వులయ్యాక కాస్త దారివ్వండి, బిడ్డకి మందెయ్యాలి," అంది.

*

మా ఇంట్లో అప్పటికి ముగ్గురం. నేను, మా అత్తయ్య, పదో తరగతికొచ్చిన మా పాప. మావారు పోయి చాలా ఏళ్ళయింది. అత్తయ్యా నేనూ ఆ ఏళ్ళన్నీ ఒకరినొకరం నొప్పించుకోకుండా, నిండు బిందె ఇద్దరు కలిసి మోస్తున్నట్టు అడుగులో అడుగేసుకుంటూ గడిపాం. గట్టిగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆయన ఊసెత్తేవాళ్ళం కాదు. రేపటి ఊసు అసలే కాదు. అలాగని ఆవిడ నోరు లేని మనిషేం కాదు. వీధిలో అందరికీ ఆవిడ నోరంటే హడలు. నా దగ్గరే ఆ నోటికి తాళం.

గాలాయన గురించి ఇంట్లో చెప్పాను, ఫలానా ఆయన వచ్చాడని. అత్తయ్య మొహం చిట్లించి, "గాలి సర్దడమేమిటే? గాలి కబుర్లు చెప్పి పోయే రకమేమో చూసుకో," అంది. తర్వాత, "పెళ్ళయిందా?" అంది.

"నాకేం తెలుసత్తయ్యా?"

"గాలి సంగతి తెలిసింది కానీ ఇది తెలీలేదా?"

పాప పుస్తకంలోంచి తలెత్తి ఇద్దర్నీ చూసి, మళ్ళీ పుస్తకంలోకి దూరిపోయింది.

ఆసుపత్రిలో పని సాగుతోంది. ఈలోగా ఊళ్ళో ఒక పెద్దమనిషి మా కష్టం విని కూలర్లు దానం పంపాడు. వాటిని చూసి గాలాయన తల గోక్కున్నారు. "నేను మొన్నటిదాకా ఉన్న ఎండ ఊళ్ళో అయితే ఇవి ప్రాణదాతలే. అక్కడ గాలి ఎండిపోయిన గుడ్డలా ఉంటుంది, ఎన్ని నీళ్ళిస్తే అన్నీ తాగి చల్లబడుతుంది. మీ ఊరి గాలి ఇప్పటికే తడిసి ముద్దయింది. ఇంకెక్కడ తాగుతుంది?" అన్నారు. ఆ మాట నేనూ చెబుదామనే నోరు తెరిచాను. కానీ దాత చూడటానికొస్తానన్నాడు, పెట్టక తప్పింది కాదు. సాయంత్రానికి హెడ్‌నర్సు ఒక దుప్పటి ఎత్తి మా ముందు పిండింది. "చూడండి. ఇదివరకు చెమటే ఉండేది. ఇప్పుడు చెమటకి తోడు చెరువు." గాలాయన పగలబడి నవ్వారు. దాత వచ్చి చూసి, ఫొటో దిగి వెళ్ళాక కూలర్లు మెట్ల కింద చేరాయి.

కిటికీలు తెరవడం ఒక్కటే చాలదని ఆయనే చెప్పారు. మొదటి కిటికీ ఇటుకలు తీయించిన రోజు తాపీమేస్త్రి, నేను, ఆయన అందరం ఆశగా నిలబడ్డాం. వెలుతురు లోపల పడింది. దూరంగా సముద్రం తళతళా కనపడింది. దారం మాత్రం ఒకసారి ఉలిక్కిపడి ఊరుకుంది.

"ఇదేమిటి?" అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది నాకు.

"పోయే దారి లేనిచోటికి గాలి రాదండీ. గడపదాకా వచ్చి, నిలబడి చూసి, వెనక్కి పోతుంది," అన్నారు. వార్డుకి అవతలివైపు వరండా గోడ చూపించి, "అక్కడ పైకప్పు కింద వరసగా కంతలు పడాలి. వేడి పైకి పోయి, అటునుంచి బయటపడుతుంది. అప్పుడు ఇది లోపలికి వస్తుంది."

ఒక గోడకే భయపడుతున్న పెద్ద డాక్టరమ్మని రెండో గోడకి ఒప్పించడం నా వంతయింది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "గోడ నా నెత్తిన పడకుండా చూసుకుంటే చాలు," అంది. ఎక్కువ ఎండలో ఉండే మేడ పైకప్పుకి తెల్లసున్నం దట్టంగా వేయించాలనీ, తూర్పు కిటికీలకి పొద్దుటి ఎండ లోపలికి రాకుండా రేకుల నీడలు కట్టాలనీ, ఫ్యాన్లు మళ్ళీ బిగించాలనీ అనుకున్నాం. ఏసీ మాత్రం నెలలు నిండని పిల్లల గది ఒక్కదానికే. చిన్న గది, తలుపు బిగిస్తే చాలు, చిన్న యంత్రంతో సరిపోతుంది. ఒక్క విషయంలో మాత్రం మేమిద్దరం గట్టిగా వాదించుకున్నాం. ఆయన కిటికీలన్నీ బార్లా ఉండాలన్నారు. నేను కాదన్నాను.

"మా వానలు మీకు తెలీవు. పైనుంచి పడవు, పక్కనుంచి కొడతాయి. పసిపిల్లల మంచాలు తడిసిపోతాయి."

"వానొస్తే తలుపులు మూస్తారు."

"అప్పుడు మళ్ళీ గిన్నెకి మూతే కదా?"

ఆయన ఆలోచించారు. మర్నాడు చెక్క పలకలు ఏటవాలుగా వంచడానికి వీలుగా బిగించిన తలుపు ఒకటి వడ్రంగి చేత చేయించి పట్టుకొచ్చారు. వాన బయటే జారిపోతుంది, గాలి లోపలికొస్తుంది. "మీరన్నదే ఖాయం," అన్నారు, ఓడిపోయినవాడి మొహం కాదు ఆయనది.

*

ఒక ఆదివారం సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చారు. పలకల కొలతలు అడగడానికని చెప్పారు. కొలతలు ఆసుపత్రిలోనూ అడగొచ్చు. అత్తయ్య టీ ఇచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, వకీలులా మొదలుపెట్టింది.

"మీదే ఊరు బాబూ?"

"కొండల్లోనమ్మా. ఏడాదిలో సగం మంచే."

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

"ఎవరూ లేరు. పెళ్ళయింది, విడిపోయాం. నేను ఊళ్ళు పట్టుకు తిరిగేవాణ్ణి, ఆవిడ ఊరు పట్టుకుని ఉండేది. తప్పెవరిదీ కాదు."

అత్తయ్య నావైపు చూడకుండా టీ గ్లాసు ఇంకాస్త ముందుకి జరిపింది. పాప లేచి పుస్తకాలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నాకు చెంపలు వేడెక్కాయి. వంటింట్లోంచి సెగ వస్తోందని ఏదో అనేశాను, మాట మార్చడానికి.

ఆయన లేచి వంటింట్లోకి తొంగిచూశారు. పెరటివైపు తలుపు పైన చిన్న గాజు వెంటిలేటరుంది. ఎప్పుడో రంగులు వేసినప్పుడు అతుక్కుపోయింది, ఆ తర్వాత దాని సంగతి ఎవరికీ గుర్తు లేదు. స్టూలెక్కి, జేబులోంచి చిన్న కత్తి తీసి, అంచులమ్మట రంగు గీకి, అరచేత్తో ఒక్క తోపు తోశారు. అది కిర్రుమంటూ తెరుచుకుంది. కాసేపటికి హాల్లో పరదా లోపలికి ఊగింది. వంటింటి సెగ పైనుంచి పోతుంటే వీధివైపు గాలి దాని వెంట వస్తోంది.

అత్తయ్య వెళ్ళి ఊగుతున్న ఆ పరదా అంచు పట్టుకుని, మళ్ళీ వదిలింది. తర్వాత అంది, "ఇంకాస్త ముందు రావలసింది బాబూ నువ్వు. ఇన్నేళ్ళూ ఉడికిపోయాం ఈ ఇంట్లో."

ఉక్క గురించే అందనుకుంటాను.

ఆయన్ని వీధిచివరిదాకా సాగనంపడానికి వెళ్ళాను. దీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. మీ ఊళ్ళో ఇళ్ళెలా ఉంటాయని అడిగాను. గాలి కోసం గోడలు పగలగొట్టే మాకు, గాలి దూరకుండా గోడలు బిగించుకునే ఊళ్ళుంటాయంటే వింతగా ఉండేది.

"గాలి లేకుండా ఎవరికీ గడవదు కదండీ. కాకపోతే అక్కడ కిటికీ తీస్తే ఇంట్లో వేడంతా పోతుంది, కట్టెలన్నీ దండగ. అందుకని ఒక పెట్టె పెడతాం. లోపలి పాతగాలి ఆ పెట్టెలోంచి బయటికి పోతుంది, బయటి కొత్తగాలి అదే పెట్టెలోంచి లోపలికి వస్తుంది. మధ్యలో పల్చటి రేకు. వెళ్ళే గాలి తన వేడిని వచ్చేదానికి ఇచ్చేసి పోతుంది. రెండూ కలవవు."

"అస్సలు?"

"అస్సలు. ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయంతే."

ఇద్దరం అక్కడ ఆగిపోయాం. ఆయన చెయ్యి నా చేతికి చాలా దగ్గరగా ఉంది. ఎవరో సైకిలు గంట కొట్టారు, పక్కకి జరిగాం. "ఇంటికెళ్ళండి, పాప ఎదురుచూస్తుంది," అన్నారాయన. ఇంటికొచ్చేసరికి అత్తయ్య, వీధి చివరికెళ్ళి రావడానికి ఇంతసేపా అని అడగలేదు. ఆ అడక్కపోవడం నాకు బాగా వినపడింది.

*

వరండా గోడ కంతలు పూర్తయిన రోజు నాకు బాగా జ్ఞాపకం. సగం మంచాలు వరండాలోకి మార్చి, దుమ్ము పడకుండా తడిదుప్పట్లు అడ్డం కట్టి, మేస్త్రి ఆఖరి ఇటుక తీశాడు. మధ్యాహ్నం దాటుతోంది, సముద్రం మీది గాలి లేచే వేళ. మంచాలు వెనక్కి తోశాం. దుప్పటి తెర విప్పగానే హెడ్‌నర్సు చేతిలోని కాగితాలు ఎగిరి వార్డంతా చెల్లాచెదురయ్యాయి. ఆవిడ తిట్టడానికి నోరు తెరిచి, ఆ నోరు అలాగే ఉంచుకుని నిలబడిపోయింది.

గాలొచ్చింది. ఒక్కసారిగా కాదు, ఎవరో నిద్రలేచి ఇల్లంతా తిరిగి చూసుకుంటున్నట్టు ఒక్కో మంచం దాటుకుంటూ వచ్చింది. అట్టముక్కల చప్పుడు ఒక్కటొక్కటే ఆగిపోయింది. చల్లగా ఉందని చెప్పను, మా ఊళ్ళో వేసవిలో చల్లదనం ఎక్కడ దొరుకుతుంది? ఒంటి మీద చెమట ఆరింది, అంతే. అదే మాకు పదివేలు. మూలమంచం అమ్మాయి బిడ్డని గుండెల మీద వేసుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా నిద్రపోయింది. బిడ్డకి జ్వరం ఆ వారంలోనే దిగింది. గాలికే దిగిందని నేననను, డాక్టర్లు చేసే వైద్యం డాక్టర్లు చేశారు. ఆ అమ్మాయి మాత్రం ఇంటికి పంపమని మళ్ళీ అడగలేదు.

నేను గాలాయన కోసం చూశాను. ఆయన కిటికీ పక్కన నిలబడి వార్డు వైపు కాదు, నావైపు చూస్తున్నారు. దారం చుట్టి జేబులో పెట్టుకున్నారు. ఇక దానితో పని లేదు.

మేడ మీద సున్నం పని ఒక్కటీ మిగిలింది. అది కూడా అయిపోతుంటే నాకు కాళ్ళు వెనక్కి లాగేవి. ఈ మూల పల్చగా ఉంది, ఇంకో పూత వేయండి అని పనివాళ్ళని పదే పదే సతాయించాను. ఆయన ఏమీ అనేవారు కాదు. పల్చగా లేదని ఆయనకీ తెలుసు.

ఆఖరి పూత ఆరుతున్న సాయంత్రం ఇద్దరం నీళ్ళ ట్యాంకు నీడన నిలబడ్డాం. కప్పంతా తెల్లగా, కళ్ళు చెదిరేట్టు మెరుస్తోంది.

"కొండల్లో ఒక బడి కడుతున్నారు," అన్నారాయన. "చలి మొదలయ్యేలోగా గాలి పెట్టెలు బిగించాలి. నేను వెళ్ళాలి."

"ఎప్పుడు?"

"ఈ వారంలోనే." సున్నం అంటిన గోళ్ళు చూసుకుంటూ, "అక్కడ ఇంకో మనిషికి చోటుంది. పని తెలిసిన మనిషి కావాలి. ఉండటానికి ఇళ్ళున్నాయి. బడి కూడా దగ్గరే, పెద్ద క్లాసులున్న బడి," అన్నారు.

పెద్ద క్లాసులు ఎవరి కోసమో ఆయన చెప్పలేదు. కింద అంబులెన్సు ఏదో వచ్చి ఆగింది. తలుపులు తీసిన చప్పుడు, మళ్ళీ వేసిన చప్పుడు.

"వానాకాలం చూడాలండీ," అన్నాను. "పలకలు వానకి ఆగుతాయో లేదో. నేనే పెట్టించాను కదా."

"అవును," అన్నారాయన. "చూడాలి."

అంతే. రమ్మని ఆయన అడగలేదు, చోటుందని చెప్పారు. రానని నేనూ అనలేదు, వాన సంగతి చెప్పాను. ఇద్దరం కట్టడం గురించే మాట్లాడుకున్నాం.

*

ఆయన వెళ్ళే రోజు మధ్యాహ్నం బస్సు. వస్తానని చెప్పాను. పొద్దున్న పాప బడికెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆయన ఈ వేళే వెళ్ళిపోతున్నారా?" అంది. అవునన్నాను. "మా సైన్సు టీచరుకి ఆ గాలి పెట్టె సంగతి చెప్తే నమ్మలేదు. బొమ్మ గీసిస్తారేమో అడగాలనుకున్నా," అంది. ఆ రాత్రి నేను అత్తయ్యకి ఆ పెట్టె సంగతి చెబుతుంటే, తలుపేసుకున్న పిల్ల లోపలినుంచి అంతా విన్నదని అప్పుడు తెలిసింది నాకు.

నేను ఆసుపత్రి నుంచి బయల్దేరే వేళకి ఆకాశం నల్లబడింది. సముద్రం మీదినుంచి మొదటి వాన లేచి, మేము అనుకున్నట్టే పక్కనుంచి కొట్టింది. బస్టాండుకి పోవలసినదాన్ని మెట్లెక్కి వార్డుకి పరుగెత్తాను. హెడ్‌నర్సూ నేనూ ఒక్కో కిటికీ దగ్గరికీ పోయి పలకలు వంచుకుంటూ వచ్చాం. ఆవిడ పమిట నడుముకి దోపి, నాకంటే గట్టిగా గుంజింది. నీళ్ళు బయట ధారలు కట్టి జారిపోతున్నాయి. లోపల మట్టివాసన, గాలి.

ఫోను మోగింది.

"వార్డులోకి జల్లు కొడుతోందా?" అన్నారు గాలాయన. వెనకాల బస్సుల హారన్లు.

"లేదు. మూలమంచం దగ్గర కొంచెం."

"ఆ పలక ఇంకాస్త వంచండి."

"వంచుతాను."

"గాలి వస్తోందా?"

"వస్తోంది."

కాసేపు ఆయనవైపు వాన, నావైపు వాన. ఒకే వాన.

"బస్సు కదులుతోంది," అన్నారు.

"సరే," అన్నాను.

నేను పలకని ఇంకాస్త వంచాను. జల్లు ఆగింది. హెడ్‌నర్సు నా మొహం చూసి, తన తువ్వాలు నా చేతిలో పెట్టి అటు తిరిగింది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. తడిసిన నన్ను చూసి, పక్కకి జరిగి, తలుపు వేసి అడిగింది.

"వెళ్ళాడా?"

"వెళ్ళారు."

"ఏమన్నాడు?"

"అక్కడ ఒక మనిషికి చోటుందన్నారు."

"నువ్వేమన్నావు?"

"వానాకాలం చూడాలన్నాను."

అత్తయ్య నడుమ్మీద చేతులు పెట్టుకుంది. ఇన్నేళ్ళూ నా దగ్గర తాళం వేసుకున్న నోరు అప్పుడు తెరుచుకుంది. "పిచ్చిమొహమా! వానని చూడ్డానికి ఊరంతా ఉందే! నువ్వే చూడాలా?"

ఆవిడ గొంతు తగ్గించింది.

"నా కోసమా?"

"కాదత్తయ్యా."

"పాప కోసమా?"

"కాదు."

"మరి వాడి కోసమా? పోయినవాడి కోసమా? వాడుంటే నిన్నిట్లా చూడలేడే. ఎంత నవ్వించేవాడు నిన్ను." ఆవిడ కొడుకు ఊసెత్తడం అన్నేళ్ళకి అదే మొదలు. "చెప్పు, దేనికోసం?"

చెప్పలేకపోయాను. నన్నెవరూ కట్టెయ్యలేదు. పని నిజంగానే ఉంది. భయం కూడా ఉంది. చలంటే కాదు. హాయిగా ఉంటే ఏమవుతానోనని. ఏది ఎంత పాలో నాకిప్పటికీ తెలీదు. అత్తయ్య పొడి చీర తెచ్చి నా ఒళ్ళో విసిరింది. "ఉడుకు నీళ్ళు పెట్టాను, తగలెయ్యి ఆ తడిబట్టలు," అని విసురుగా వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆవిడ నాతో కోడలితో ఉన్నట్టు ఉండటం మానేసింది. కన్నకూతురితో తగువు పడ్డట్టు పడేది. కూరలో ఉప్పెక్కువైతే మొహం మీదే అనేది. నేనూ అనేదాన్ని. మావారి సంగతులు, చిన్నప్పుడు చెట్టెక్కి దిగడం రాక ఏడ్చినవీ, నాతో పెళ్ళికి ముందు అద్దం ముందు నిలబడినవీ, చెప్పి చెప్పి నవ్వేది. పాప మధ్యలో కూర్చుని ఇంకా చెప్పమనేది. మా ఇల్లు అట్లా చప్పుళ్ళలో పడింది.

*

వానలు సగంలో ఉండగా కొత్త ఏసీ ప్లాంటు వచ్చింది. లారీలోంచి దించుతుంటేనే కంపెనీవాళ్ళు, చల్లదనం నిలవాలంటే ఆ కిటికీలూ కంతలూ మళ్ళీ మూసేయాలన్నారు. పెద్ద డాక్టరమ్మ నావైపు చూసింది. నేను ఆవిడని వార్డులోకి తీసుకెళ్ళాను. బయట వాన కురుస్తోంది. పలకల్లోంచి గాలి వస్తోంది, ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఒకామె బిడ్డకి పాలిస్తోంది.

"కరెంటు పోయిన రోజున ఈ యంత్రం ఇనప్పెట్టె," అన్నాను. "కిటికీలకి కరెంటక్కర్లేదు. నెలలు నిండని పిల్లల గదికి, ఆపరేషన్ గదికి ఇది పెడదాం. వాటికి కావాలి. ఈ వార్డు గోడల జోలికి మాత్రం పోవద్దు మేడం."

కంపెనీవాళ్ళు ఏదో అనబోయారు. హెడ్‌నర్సు మంచం సర్దుతూనే, ఎటూ చూడకుండా, "ఎవరైనా ఇటుక పట్టుకుని నా వార్డులోకి రండి, చెప్తాను," అంది. పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. "విన్నారుగా," అంది వాళ్ళతో.

ఆ సంగతి చెప్పడానికి ఆయనకి ఫోను చేశాను. అది చెప్పడానికే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. అత్తయ్య పక్కనే కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది.

ఆయన గొంతు దగ్గరగా వినపడింది. కిటికీల కథంతా చెప్పాను, హెడ్‌నర్సు మాట చెబితే నవ్వారు. పలకలు వానకి ఆగాయా అని అడిగారు. ఆగాయన్నాను. అక్కడ ఎలా ఉందన్నాను. చలి మొదలైందనీ, కిటికీలు తీసే రోజులు అయిపోయాయనీ అన్నారు. చెప్పుకోవడానికి ఇంక కట్టడాలేమీ మిగల్లేదు.

"బడి పనికి మనిషి దొరికారా?" అన్నాను.

కొంచెం ఆలస్యంగా జవాబొచ్చింది. "దొరికారు. ఈ మధ్యనే. చాలా రోజులు చూశాను..."

"మంచిది," అన్నాను.

"పాప ఎలా ఉంది?"

"బాగుంది. మీరు బొమ్మ గీసిపంపాలి దానికి."

"పంపుతాను."

ఇంకేమనాలో తెలీక ఫోను చెవికి పెట్టుకుని అలాగే ఉండిపోయాను. అత్తయ్య చేతిలోని లంగా మడత ఆపి, నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"బాబూ, నేను, పెద్దావిడని. ఒంట్లో కులాసాయేనా? స్వెట్టరేసుకుంటున్నావా? సరే, ఒకమాట విను. ఆ వచ్చిన మనిషి పని సరిగ్గా చెయ్యకపోతే మాకు చెప్పు. తెలిసిందా? మొహమాటపడకు. వెంటనే చెప్పు."

ఆయన నవ్వడం నేను కూర్చున్నచోటికి వినపడింది. నవ్వు ఆగాక కూడా ఆవిడ కాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని విన్నది. తర్వాత "ఉంటాను బాబూ" అని పెట్టేసి, మడత మధ్యలో ఆపిన లంగా మళ్ళీ తీసుకుంది.

"ఏమన్నారు?" అని అడిగాను.

"చెప్తానన్నాడు."

పాపకి బొమ్మ వచ్చింది, చక్కగా రంగులు వేసి, బాణం గుర్తులు పెట్టి. కవరులో ఇంకేమీ లేదు. ఆ చలికాలం పోయింది, ఆ తర్వాత ఎన్నో పోయాయి. ఫోను మోగితే ఇప్పటికీ మా అత్తయ్య నాకంటే ముందు లేవబోతుంది, మోకాళ్ళు సహకరించకపోయినా. ఆ వచ్చిన మనిషి పని బాగానే చేస్తున్నట్టుంది.